లేని రెండు కాలేజీలు

బుధవారం పొద్దున ఏడు ఇరవైకి ట్రస్టు నుంచి నవనీత ఫోన్ చేసింది. రేపు తమ వాళ్ళు వచ్చి మూడు కాలేజీలూ చూస్తారని చెప్పింది. కృష్ణప్రియ పాఠం చెప్పే కాలేజీ ఒక్కటే.

"మూడా?" అని అడిగింది కృష్ణప్రియ.

"అవును మేడమ్. మీ గోపన్‌పల్లి కాలేజీ పొద్దున. మిగతా రెండూ లంచ్ తరువాత. వాటి అడ్రసులు సాయంత్రంలోగా పంపండి, డ్రైవర్‌కు ఇవ్వాలి."

కృష్ణప్రియ సరే అనలేదు, కాదనలేదు. మళ్ళీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది. వంటింట్లో అత్త భూలక్ష్మి ఇడ్లీ పాత్ర దించుతోంది. టేబుల్ దగ్గర భర్త వేణు తినడం ఆపాడు.

"ఎవలు?" అంది భూలక్ష్మి.

"ట్రస్టోళ్ళు అత్తమ్మా. మూడు కాలేజీలు చూస్తరట."

"మంచిదే గద. చూడనియ్."

"మూడు ఎక్కడున్నయి?"

భూలక్ష్మి కొడుకు వైపు చూసింది. వేణు ప్లేటు వైపు చూశాడు.

"నేనే చెప్పిన," అన్నాడు.

"ఎవరికి?"

"నవనీతకు. పోయిన నెల మా కెఫెటేరియాల కలిసింది. ప్రియ అప్లికేషన్ ఏమైందని అడిగిన. పని బాగుంది గాని ఒక్క కాలేజీల చేసిందాన్ని కమిటీ పట్టించుకోదు అన్నది. ఇంకో రెండింట్ల గూడ నడుస్తున్నదని అన్న. గంతే."

"గంతేనా?"

"ఆమె పోయి కమిటీల చెప్తదని నాకేం తెలుసు?"

"చెప్పాలనే కదా నువ్వు చెప్పింది."

వేణు ఇడ్లీని చట్నీలో ముంచాడు. తినలేదు.

ఆ ట్రస్టు వేణు పని చేసే కంపెనీదే. మాదాపూర్‌లో ఒకే బిల్డింగ్. ట్రస్టు రెండో ఫ్లోర్లో, వేణు ఆరో ఫ్లోర్లో. కాలేజీ యాజమాన్యం ఈ టర్మ్ దాటితే కృష్ణప్రియ ల్యాబ్‌ను ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కు ఇచ్చేస్తామని చెప్పేసింది. ట్రస్టు సాయం వస్తే ల్యాబ్ ఉంటుంది, పరిశోధనకు ఇంకో రెండేళ్ళు దొరుకుతాయి. రాకపోతే ఇన్నాళ్ళు రాసిన కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆమె ల్యాప్‌టాప్‌లో ఉండిపోతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. వేణుకు ఎక్కువ తెలుసు.

పై ఫ్లాటు నుంచి మరిది దినేశ్ దిగి వచ్చాడు. విషయం భూలక్ష్మి చెప్పింది. దినేశ్ కుర్చీ లాక్కుని కూర్చుని ప్లేటు ముందుకు జరుపుకున్నాడు.

"గీ దానికి పరేషాన్ ఎందుకు వదినా? రెండు కాలేజీలే గద. నేను తెస్త."

"కాలేజీ ఏమన్న కూరగాయనారా తెచ్చుడుకు?" అంది భూలక్ష్మి.

"నువ్వు జర ఆగే. వదినా, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు నాకు తెలుసు. ఒక క్లాస్‌రూము, క్లాసుకు సరిపోయేంత మంది పిల్లలు, ల్యాప్‌టాపులు. ఇయ్యాల పోయి ఒక గంట పాఠం చెప్పి రా. రేపు ఎవలన్న అడిగితే ఆర్నెల్ల నుంచి నేర్చుకుంటున్నమంటరు. మా దగ్గర పిల్లలకు ఐదేండ్లు పెడితేనే నిలబడుతున్నది. ఆర్నెల్లు ఎంత?"

దినేశ్‌కు మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్ పైన కన్సల్టెన్సీ ఉంది. ఉద్యోగం దొరకని పిల్లలు అతని దగ్గరికి వస్తారు. వాళ్ళు చేయని ఉద్యోగాన్ని చేసినట్టు రాయిస్తాడు. పాత కంపెనీ నిజమేనా అని కొత్త కంపెనీ కనుక్కుంటే, నిజమేనని ఫోన్లో చెప్పే మనిషిని పెడతాడు. దాన్ని అక్కడ ఎక్స్‌పీరియన్స్ పెట్టడం అంటారు. అబద్ధం అనరు.

"మీ అన్నకు పెట్టింది గూడ గట్లనే గద," అంది భూలక్ష్మి.

వేణు మొదటి ఉద్యోగం అట్లాగే వచ్చింది. చేయని రెండేళ్ళు పెట్టుకున్నాడు. ఆ తరువాత పదకొండేళ్ళు చేశాడు. పెళ్ళయిన మొదటి ఏడాది ఆ మాట అతనే కృష్ణప్రియకు చెప్పాడు. అప్పుడు ఆమె నవ్వింది.

"దినేశ్, నువ్వు ఎవరికీ ఫోన్ చెయ్యకు," అంది కృష్ణప్రియ. "నేను పోయి ఒక్కటే అని చెప్పి వస్త."

"మూడు అని ఎవరన్నరని అడుగుతరు," అన్నాడు వేణు.

"అడుగుతరు."

"నా పేరు చెప్తవా?"

ఆమె ప్లేట్లు తీస్తోంది.

"ప్రియా, నిన్నే. నా పేరు చెప్తవా?"

"ఇంకేం చెప్పాలె?"

"నవనీత తప్పు విన్నదని చెప్పు. కెఫెటేరియా, గోల గోల ఉండె. వినపడలేదు. అయిపాయె."

"ఆ పిల్ల కాంట్రాక్టు మీదుంది."

"కాంట్రాక్టోళ్ళకు ఇంకో కాంట్రాక్టు దొరుకుతది. నా పేరు బయటికొస్తే ఊకుంటరా? నా ఫైలు తీస్తరు. మొదటికెల్లి చూస్తరు. కాగితాల మీద పెట్టిన ఆ మొదటి కంపెనీ ఇప్పుడు లేదు. ఫోన్ ఎత్తేటోడు గూడ లేడు."

"ఎత్తేటోన్ని నేను పెడ్త," అన్నాడు దినేశ్.

"నువ్వు నోర్ముయ్యి," అన్నాడు వేణు.

భూలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుని కోడలి ఎదురుగా వచ్చి నిలబడింది.

"బిడ్డా, ఆమె ఎవలో మనకు తెల్వదు. వీడు నీ మొగడు. నీ కోసమే అన్నడు. తన కోసం అనలే."

"అది నాకు తెలుసు అత్తమ్మా."

"తెలిస్తే ఇగ మాటెందుకు?"

కృష్ణప్రియ బ్యాగు తీసుకుంది. చెప్పులు వేసుకునేటప్పుడు వేణు తలుపు దాకా వచ్చాడు. దింపాలా అని అడగలేదు. ఆమె దింపమని అనలేదు.

*

తొమ్మిదిన్నరకు సెకండియర్ క్లాసు. ఆ రోజు పాఠం స్టాక్.

కృష్ణప్రియ పద్ధతిలో పిల్లలు ముందు కోడ్ రాయరు. ముందు మాట రాస్తారు. అంటే తాము కట్టబోయేది ఏం చేస్తుందో, ఏ పని అడిగితే ఏం తిరిగి ఇస్తుందో మామూలు వాక్యాల్లో రాస్తారు. లోపల ఎట్లా కడతారన్నది వాళ్ళిష్టం. తరువాత కోడ్ రాస్తారు. ఆమె రాసిన ప్రోగ్రామ్ ఆ కోడ్‌ను వందల రకాలుగా ఆడించి, ఇచ్చిన మాట తప్పిన చోటు వెతుకుతుంది. దొరికితే అన్నిటికన్నా చిన్న ఉదాహరణగా చూపిస్తుంది. ఆమె పరిశోధన అదే.

"నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కుతరు కదా," అంది. "ముందు ఎక్కినోళ్ళు ఎటు జరుగుతరు?"

"లోపలికి మేడమ్."

"లోపలున్నోళ్ళు దిగాలంటే?"

"అందరూ దిగాలె. మస్తు తిడతరు."

"చివర ఎక్కినోళ్ళు ముందు దిగాలె. అదే స్టాక్."

"మేడమ్, డ్రైవర్ పక్కన కూర్చున్నోడు?" అన్నాడు వెనక బెంచీ నుంచి నవీన్. "వాడు ఎప్పుడంటే అప్పుడు దిగుతడు."

"వాడు స్టాక్‌లో లేడు."

"కిరాయి మాత్రం ఇస్తడు మేడమ్."

క్లాసు నవ్వింది. కృష్ణప్రియ కూడా కొంచెం నవ్వింది. మాటలు రాయమని చెప్పి కుర్చీలో కూర్చుంది. మామూలుగా ఆమె క్లాసులో కూర్చోదు.

ఫోన్‌లో దినేశ్ మెసేజ్ ఉంది. 'రెండూ సెట్ అయినయి వదినా. మధ్యాహ్నం రెండుకు ఫస్ట్ దాంట్ల పాఠం చెప్పాలె. లొకేషన్ పంపుత.' చెయ్యొద్దన్నది అతను వినలేదు. ఆమె ఫోన్ బోర్లా పెట్టింది.

వర్షిత లేచి వచ్చింది. ల్యాప్‌టాప్ టేబుల్ మీద పెట్టింది.

"మేడమ్, నాది తప్పని చూపిస్తుంది. నేను రాసిన మాట ఒక్కటే. ఒకటి పెట్టి, వెంటనే తీస్తే, పెట్టిందే రావాలి. వస్తుంది కూడా. అయినా ఎర్రగా చూపిస్తుంది."

కృష్ణప్రియ చూసింది. "ఇది తప్పు కాదు. హెచ్చరిక. ఏమీ పెట్టకుండా తీస్తే నీ కోడ్ ఆగిపోతున్నది."

"ఖాళీ దాని గురించి నేనేం మాటివ్వలేదు కదా మేడమ్."

"ఇవ్వలేదు."

"ఇవ్వని మాట తప్పినట్టెట్ల?"

"తప్పినట్టు కాదు. కాని నీ కోడ్ వాడుకునే మనిషికి ఆ సంగతి తెలియదు. వాళ్ళకు అది ఆగిపోయినంకనే తెలుస్తది."

"అంటే చెప్పకపోవుడు నా తప్పా?"

కృష్ణప్రియ బోర్లా పెట్టిన ఫోన్ వైపు చూసింది. వర్షిత నిలబడే ఉంది.

"రాసేయ్," అంది చివరికి. "ఖాళీగా ఉంటే ఏమైతదో అది కూడా రాసేయ్."

బెల్లు కొట్టాక ఆమె నవనీతకు ఫోన్ చేసి, మధ్యాహ్నం వెంకటనారాయణ గారిని కలవాలని చెప్పింది. ఎందుకని నవనీత అడగలేదు. రెండున్నరకు రమ్మంది. అడ్రసులు తెస్తారా అని మాత్రం అడిగింది.

*

ట్రస్టు విద్యా కమిటీకి వెంకటనారాయణ పెద్ద. విశాఖపట్నంలో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరయ్యాడు. గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. టీ తెప్పించాడు.

"రండమ్మా, కూర్చోండి. రేపు మేము వద్దామనుకుంటే ఇవాళ మీరే వచ్చేశారు."

"సర్, కాలేజీ ఒక్కటే. మూడు కాదు."

"మా దగ్గర మూడని ఉందండి."

"మా గోపన్‌పల్లి కాలేజీ ఒక్కటే. అందులోనూ ఒక సెక్షన్. అప్లికేషన్‌లో అదే రాశాను."

"రాసింది నేనూ చదివానండి. ఆ తరువాత ఇంకో రెండు మొదలయ్యాయని నవనీత కమిటీలో చెప్పింది." ఆయన టీ తాగాడు. "అయితే ఆ అమ్మాయి పొరబడిందన్న మాట."

అది ప్రశ్న కాదు. కృష్ణప్రియ ఏమీ అనకపోతే వేణు పేరు రాకుండానే అయిపోయేలా ఉంది. ఆమె ఏమీ అనలేదు. ఆయన ఇంటర్‌కమ్ తీసి నవనీతను పిలిచాడు.

నవనీత లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పాతికేళ్ళుంటాయి.

"మూడు కాలేజీలని కమిటీలో చెప్పింది మీరే కదమ్మా?"

"అవును సర్."

"ఎవరు చెప్పారు మీకు?"

నవనీత కృష్ణప్రియను చూసింది. తరువాత ఆయన్ను చూసింది.

"నేనే కన్ఫర్మ్ చేసుకోవాల్సింది సర్. సారీ సర్."

"సారీతో ఏముందండీ. ఇద్దరు మెంబర్లు ఆ మాట మీదే ఒప్పుకున్నారు. మీ రెన్యూవల్ కూడా ఈ నెలలోనే కదూ?"

"అవును సర్."

"సరే, మీరు వెళ్ళండి. మాట్లాడదాం."

నవనీత తలుపు తీసింది.

"ఆమె పొరబడలేదు సర్," అంది కృష్ణప్రియ. "మూడని ఆమెతో చెప్పారు."

"ఎవరండీ?"

"మా ఆయన. వేణు. ఈ బిల్డింగ్‌లోనే ఆరో ఫ్లోర్లో పని చేస్తాడు."

నవనీత తలుపు పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. వెంకటనారాయణ కప్పు కింద పెట్టాడు.

"మీకు తెలిసే చెప్పాడా?"

"నాకు ఇవాళ పొద్దున తెలిసింది."

"ఇప్పుడు నాకూ తెలిసింది. తెలిశాక పైకి చెప్పకుండా ఉండలేనమ్మా. ఉద్యోగి సంగతి ట్రస్టు చూడదు. కంపెనీ చూస్తుంది. అక్కడ నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు."

"తెలుసు సర్."

"తెలిసే వచ్చారా?"

"తెలిసే వచ్చాను."

ఆయన కప్పు పక్కకు జరిపి కిటికీ వైపు చూశాడు. కింద రోడ్డు మీద హారన్లు వినిపిస్తున్నాయి.

"పోనీ, మీ ఒక్క సెక్షన్ సంగతే చెప్పండి. ఎవరికి అర్థం కాలేదు?"

అర్థమైన వాళ్ళ గురించి చెప్పడానికి కృష్ణప్రియ దగ్గర స్లైడ్లు ఉన్నాయి. కాని అర్థం కాని వాళ్ళ గురించి మామూలుగా ఎవరూ అడగరు.

"మూడో వంతు మంది కోడ్ ముందు రాసుకుంటారు సర్. దాచుకుంటారు. తరువాత ఆ కోడ్ ఏం చేస్తుందో చూసి, దాన్నే మాటగా రాస్తారు. అప్పుడు నా ప్రోగ్రామ్‌కు తప్పు దొరకదు. ఆ మాట ఎప్పటికీ తప్పదు."

"కోడే తప్పయినా?"

"కోడ్ తప్పయినా."

"దీనికి మందేమిటి?"

"ఇంకా తెలియదు సర్. ఒకరి మాట మీద ఇంకొకరితో కోడ్ రాయిస్తే ఏమవుతుందో చూడాలని ఉంది. ఆ రెండేళ్ళు దానికోసమే అడిగాను."

"ఇది అప్లికేషన్‌లో ఉందా?"

"చివరి పేజీలో ఉంది."

"చివరి పేజీ ఎవరు చూస్తారండీ," అన్నాడు వెంకటనారాయణ. తరువాత లేచాడు. "రేపు పది గంటలకు వస్తాం. ఒక్క కాలేజీకే. ఇస్తామని అనడం లేదు. ఇవ్వమనీ అనడం లేదు. కమిటీ మళ్ళీ కూర్చోవాలి."

లిఫ్టు దగ్గరికి నవనీత వచ్చింది. లిఫ్టు పై ఫ్లోర్లలో ఎక్కడో ఆగి ఉంది.

"వేణు సర్ పేరు నేను చెప్పేదాన్ని కాదు మేడమ్."

"ఎందుకు?"

"సర్ పర్మనెంట్ కదా. నేను చెప్తే నమ్మరు."

"నమ్మకపోతే ఏం చేసేదానివి?"

"ఇంకో ఉద్యోగం చూసుకునేదాన్ని."

"దొరికేదా?"

"ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుంటే దొరికేది."

ఇద్దరూ నవ్వలేదు. లిఫ్టు వచ్చింది.

కిందికి దిగాక కృష్ణప్రియ వేణుకు మెసేజ్ పెట్టింది. 'నీ పేరు చెప్పిన.' అతను చదివినట్టు చూపించింది. జవాబు రాలేదు. అయిదు నిమిషాలు గేటు పక్కన నిలబడి, క్యాబ్ ఎక్కింది.

*

ఇంట్లో భూలక్ష్మి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కోడలు కూర్చునేదాకా ఆగింది.

"ఏమాయె?"

"చెప్పిన అత్తమ్మా."

"ఏం చెప్పినవ్?"

"ఉన్నదే."

"మొగని పేరు చెప్పినవా?"

"చెప్పిన."

భూలక్ష్మి ఒలవడం ఆపలేదు. గింజలు గిన్నెలో, తొక్కలు పేపరు మీద వేస్తూనే ఉంది.

"పాఠాలు చెప్పేదానివి. నీకు నేనేం చెప్త," అంది. "ఊళ్ళే భూములు అమ్మేటప్పుడు మీ మామ ఎన్ని లేని మాటలు చెప్పిండో, నేను ఎన్ని కడుపుల పెట్టుకున్ననో. ఒక్కనాడన్న బయటపడ్డనా?"

"ఆ పిల్ల ఉద్యోగం పోయేది అత్తమ్మా."

"ఇగ నా కొడుకుది పోతది. పిల్ల ఎవల పిల్ల? కొడుకు ఎవల కొడుకు?"

కృష్ణప్రియ కొన్ని కాయలు ముందుకు తీసుకుని ఒలవసాగింది. భూలక్ష్మి వద్దనలేదు.

దినేశ్ ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టకపోయినా భూలక్ష్మికి వినపడింది.

"ఏంది వదినా గిట్ల చేసినవ్? రెండు కాలేజీలోళ్ళు హాల్ ఖాళీ చేయించి కూర్చున్నరు. పిల్లలకు సమోసాలు గూడ చెప్పిన్రట. నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"నిన్ను చెయ్యొద్దన్న గద దినేశ్."

"అన్న ఏడున్నడు? ఫోన్ ఎత్తుతలేడు."

"నాకూ ఎత్తుతలేడు."

"ఆఫీసుల అడుగుమందునా ఎవలనన్న? మా కన్సల్టెన్సీ పిల్లలు ఇద్దరున్నరు ఆ ఫ్లోర్ల."

"వద్దు," అంది కృష్ణప్రియ. "వచ్చినంక ఆయనే చెప్తడు."

ఆరున్నర దాటాక వేణు వచ్చాడు. మామూలుగా ఎనిమిది కాకుండా రాడు. బ్యాగు సోఫాలో పెట్టాడు. ఎప్పుడూ మెడలో ఉండే ఆఫీసు కార్డు ఇవాళ లేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి టేబుల్ దగ్గర కూర్చున్నాడు.

"ఏమన్నరురా?" అంది భూలక్ష్మి.

"అన్నం పెట్టు."

"ఇప్పుడే తింటవా?"

"ఆకలైతుంది. మధ్యాహ్నం తినలే."

కృష్ణప్రియ లేచింది. భూలక్ష్మి ఆమెను ఆపి, తనే వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడయింది. టేబుల్ దగ్గర ఇద్దరే మిగిలారు.

"మెసేజ్ చూసిన," అన్నాడు వేణు.

"తెలుసు."

"ఆమె ముందటనే చెప్పినవా? నవనీత ముందట?"

"ఆమె ముందటనే."

"ఏమన్నది ఆమె?"

"ఏమనలేదు."

వేణు తలూపాడు. భూలక్ష్మి ప్లేటు తెచ్చి ముందు పెట్టింది. పప్పు వేసింది. చిక్కుడుకాయ కూర ఇంకా కాలేదని చెప్పింది. అతను పప్పుతో కలుపుకుని తిన్నాడు. కృష్ణప్రియ నీళ్ళ గ్లాసు అతని దగ్గరికి జరిపింది.

"రేపు వస్తరా వాళ్ళు?" అని అడిగాడు.

"పదింటికి వస్తమన్నరు."

"ఒక్క కాలేజీకేనా?"

"ఒక్కదానికే."

"నేను దింపుత. తొమ్మిదికి ఎల్దాం."

కృష్ణప్రియ అతన్ని చూసింది. భూలక్ష్మి కూడా చూసింది. వేణుకు పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసులో మీటింగ్ ఉంటుంది. పెళ్ళయినప్పటి నుంచి అది మారలేదు.

"నీ మీటింగ్?" అంది కృష్ణప్రియ.

వేణు పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుని అన్నంలో వేసుకున్నాడు.